మిద్దెల రేవులో ఆపుతాడు

బహుళ విదియ

వేణి పోయాక ఇవాళే మొదటిసారి మోటారు తాడు లాగాను.

ఈ దినచర్య రాయడం మా ఇంట్లో వేణి పని. మోటారు ఉన్న ప్రతి పడవకీ నూనె ఎంత పట్టింది, ఏ భాగం మార్చాం, ఎక్కడ మొరాయించింది, అన్నీ రాసి పెట్టుకోవడం మా రేవు పద్ధతి. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వంకరగా వస్తాయి. రానీ. పడవ ఇప్పుడు నాది, రాతా నాదే.

చేసిన పని. ప్లగ్గు మీద మసి గీకాను. నీళ్ళలో తిరిగే పంకా ఇరుసుకి గేలపు దారం చుట్టుకుని ఉంటే కోసి తీశాను. ఆ దారం లోపలికి పోయిందంటే గేరుపెట్టెలోకి ఉప్పునీళ్ళు దిగుతాయి. మోటారును వెనకపలకకి పట్టి ఉంచే మరలు రెండూ వదులయ్యాయి, బిగించాను. మోటారుకి పోసే నాచునూనె మిద్దె మీదే డబ్బాలో పోసి, మూత తుడిచి, అప్పుడు పడవలో పెట్టాను. పడవలో పోస్తే ఆ ఆవిరి అడుగున పేరుకుంటుంది. తర్వాత బీడీ నిప్పు చాలు.

ఇంత చేసి తాడు లాగితే మోటారు అందుకుంది. అందుకోగానే మాట్లాడింది.

"మండలి హెచ్చరిక. వీరవేణి అనే చోదకురాలు నాడిపూసను బాతుకు తగిలించి పడవ నడిపి ప్రాణం కోల్పోయింది. ఆమె నిర్లక్ష్యం మీకు గుణపాఠం కావాలి. నాడిపూసను మీ చేతికే ధరించండి."

ఆడగొంతు. పిల్లకి అన్నం పెడుతూ బుజ్జగిస్తున్నంత మెత్తగా ఉంది.

మోటారు ఆపేశాను. అప్పటికే పక్క మిద్దె కింద ఎవరో లాగారు. అదే మాట. దాని పక్కన ఇంకొకటి. పొద్దున పడవలన్నీ బయలుదేరే వేళ. నా కూతురి పేరును ఒక మోటారు తర్వాత ఒక మోటారు అందుకుంటూ, నీళ్ళ మీద వీధి చివరిదాకా తీసుకుపోయాయి.

ఇవాళ వేటకి వెళ్ళలేదు.

బహుళ పంచమి

మాకు మోటార్లు ఇచ్చి రేవు మీద పెత్తనం చేసే మండలి నా కూతురి గురించి చెప్పింది కాబట్టి నేను కూడా చెప్తాను.

మా రేవులో సముద్రం పైకి తేలి ఉన్నవి పాత ఊరి పై అంతస్తులే. వీధులన్నీ కాలువలు. పోటుకీ పాటుకీ ఆ వీధుల్లో నీళ్ళు పరుగెడతాయి. కూలిన గోడల్లోంచి ఇనుప చువ్వలు లేచి ఉంటాయి. వల లాగేటప్పుడు మోటారు ఆపామంటే ప్రవాహం పడవను తీసుకెళ్ళి ఆ చువ్వల మీద వేస్తుంది. అందుకని మోటారును నెమ్మదిగా, గేరులోనే ఉంచి, పడవను నీటికి ఎదురు నిలబెట్టి వల లాగుతాం.

మండలి ఇచ్చిన మోటారుకి నాడిపూస ఉంటుంది. చేతికి కట్టుకోవాలి. నాడి తెలుస్తున్నంతసేపు మోటారు నడుస్తుంది. మనిషి నీళ్ళలో పడితే ఆగిపోవాలి. మాట బాగుంది. కానీ వల లాగే చెయ్యి చల్లబడి, నాని, ముడతలు పడుతుంది. పూసకి నాడి అందదు. వల సగం పైకి వచ్చేసరికి మోటారు చచ్చిపోతుంది. చువ్వలు దగ్గరికి వస్తుంటాయి. మండలికి చెప్పాం. చెయ్యి తుడుచుకోమన్నారు.

బాతును మొదట ఎక్కించింది ఎవరో తెలియదు. గుడ్డపట్టీ ఒకటి కుట్టి, పూసను బాతు రెక్క కిందికి వచ్చేలా కట్టి, బుట్టలో కూర్చోబెడతారు. అక్కడ వెచ్చగా ఉంటుంది, దాని గుండె మన గుండెకన్నా గట్టిగా కొట్టుకుంటుంది. పూస దాన్ని మనిషే అనుకుంటుంది. ఇప్పుడు ప్రతి పడవలోనూ ఒక బాతు. దాన్ని డ్రైవరు అంటాం. "మీ డ్రైవరు గుడ్డు పెట్టిందేటే" అని రేవులో నవ్వుకోవడం మామూలే. నేనూ నవ్వాను, వేణీ నవ్వింది.

ఆ రోజు వేణి ఒక్కతే వెళ్ళింది. వల లాగుతూ జారి పడింది. బాతు బుట్టలో ఉంది. మోటారు నడుస్తూనే ఉంది. మనిషి నడిచేంత వేగం, అంతే. కానీ ఆ వేగాన్ని ఎదురు ప్రవాహంలో ఈదే మనిషి అందుకోలేదు. పాత గోదాము మిద్దె మీద చేపలు ఎండబెడుతున్న అప్పలసామి తాత విన్నాడు. పడవ వెనక ఈదుతూ, కట్టు తెంచుకున్న పెయ్యను పిలిచినట్టు, "ఆగవే, ఆగు, ఆగే" అంటూ పోయిందట. తాత దగ్గర పడవ లేదు. అరిచాడు. వినేవాళ్ళు దూరంగా ఉన్నారు.

మాకు ముందు పడవ దొరికింది. నీళ్ళట్యాంకు స్తంభానికి ముక్కు ఆనించి ఇంకా నడుస్తూనే ఉంది. "చోదకులు క్షేమం, చోదకులు క్షేమం" అంటోంది.

నా కూతురికి ఈత రాక కాదు. నిర్లక్ష్యమూ కాదు. పడవను ఆపేది ఏదీ లేక, పోయింది.

బహుళ నవమి

దేవుడమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. సినిమాహాలు పై అంతస్తులో పాత మోటార్ల ముక్కలు పోగేసుకుని ఉంటుంది. మండలి మోటార్లు రాకముందు రేవు మొత్తానికి ఆవిడే మెకానిక్కు. ఇప్పుడు చూపు ఆనదు. వేళ్ళతో తడిమి చెప్తుంది.

"పెద్దమ్మా, ఈ మోటారు నోరు మూయించాలి" అన్నాను.

"నోరొక్కటేనా?"

"మనిషి పడితే ఆగాలి."

ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది. చుట్టలు తిరిగిన ఎర్రతాడు ముక్క ఒకటి బయటికి తీసింది. ఒక చివర కొక్కెం. రెండో చివర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు.

"ఇదేటో ఎరుగుదువా? ఆపుతాడు. నా సిన్నప్పుడు ప్రెతి మోటారుకీ ఉండేది. క్లిప్పు బొత్తం కింద దూరుద్ది. కొక్కెం మడిసికి. మడిసి పడితే తాడు క్లిప్పుని ఊడబీకుద్ది. బొత్తం దిగుద్ది, మోటారు సచ్చిపోద్ది. అంతే. దీనికి నాడి అక్కర్లేదు, డ్రైవరు బాతూ అక్కర్లేదు."

"మరి ఎందుకు తీసేశారు?"

"ఎవరు కట్టుకున్నారో తాడు సెప్పదు కదా. పూస సెప్పుద్ది. ఏ పడవ ఏడికెళ్ళిందో, ఎవత్తి తోలిందో, కూకున్న కాడినించి తెలవాలి ఆళ్ళకి."

నా మోటారు మూత మీద మండలి సీలు ఉంది. తెంచితే మోటారు పట్టుకుపోతారని పెద్దమ్మ చెప్పింది. "ఒసే రత్నం, నీకున్నదిదొక్కటే. ఆలోసించుకో" అంది.

నాకు ఉన్నది ఇదొక్కటి కాదు. నాకు ఉన్నది పోయింది. ఇది మిగిలింది, అంతే. సీలు నేనే కోశాను. పూస తీగ ఏదో, గొంతు తీగ ఏదో పెద్దమ్మ వేలితో తాకి చెప్పింది. రెండూ తీసేసి బొత్తం బిగించాం. మూత చుట్టూ రబ్బరు పెట్టి, తడి దిగకుండా మైనం రాశాం.

లాగితే అందుకుంది. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు వింటూ కూర్చున్నాను. ఉత్త మోటారు చప్పుడు. అంత మంచి చప్పుడు ఈ మధ్య వినలేదు.

అమావాస్య

తాడు కట్టుకుని వేటకి వెళ్ళాను. మణికట్టుకి కట్టుకుంటే వల కన్నుల్లో పడి క్లిప్పు ఊడింది. మోటారు ఆగింది. తగిలించి లాగాను. మళ్ళీ ఊడింది. చువ్వల దగ్గరికి కొట్టుకుపోయి గడ వేసి నిలదొక్కుకున్నాను.

పల్లాలమ్మ తన పడవలోంచి చూస్తోంది. మా పక్క మిద్దె. నాకన్నా పెద్దది, వరసకి వదిన. ఆమె బాతు బుట్టలో మెడ చాచి అది కూడా నన్నే చూస్తోంది.

"ఏం వదినా, గొడ్డుకి పలుపేసినట్టు నీకు నువ్వే ఏసుకున్నావేటి?"

"అవును వదినా. పలుపున్న గొడ్డు ఇంటికొస్తది."

"వల ఏనాటికి లాగుతావు అలాగైతే? నాకు రెండు కొట్లు పడ్డాయి ఈపాటికి."

వల వేసి లాగడం ఒకసారికి ఒక కొట్టు. నేను ఒక్కటీ లాగలేదు. కాలికి కట్టుకుంటే తడిసిన వల కుప్పలో చిక్కింది. చివరికి చీర గోచీ వెనక దోపుకున్న చోట, నడుము మీద కొక్కెం తగిలించాను. వల ముందు నుంచి వస్తుంది కాబట్టి వీపు వెనక తాడుకి అడ్డం రాదు. సాయంత్రానికి ఒక కొట్టు సాఫీగా లాగాను. చేపలు తక్కువే. తాడు ఉండాల్సిన చోటు తెలిసింది.

మంచినీళ్ళ డ్రమ్ములో మోటారు దించి కాసేపు నడిపి ఉప్పు కడిగాను. వాననీళ్ళు ఇంకా ఉన్నాయి.

శుద్ధ తదియ

తాడు కావాలని రేవులో వాళ్ళే వస్తున్నారు. ఆపుతుందని కాదు, మోటారు గొంతు పోతుందని.

"పొద్దున్నే మీ అమ్మాయి పేరెత్తి తిట్టినట్టుంటది పిన్నీ. మా ఆయన అన్నం మానేసి లేచిపోతన్నాడు" అంది లోవకుమారి. పల్లాలమ్మ కోడలు. వేణీ లోవా ఒక ఈడు వాళ్ళు, ఒక వలలో పని చేసినవాళ్ళు. అత్తకి తెలియకుండా తన పడవ తెచ్చింది. అత్తాకోడళ్ళవి వేరు వేరు పడవలు.

ఏ కారణంతో వచ్చినా కట్టి ఇస్తున్నాను. ఎర్రతాడు ఒకటే ఉంది కనుక వలకి తేలే బెండ్లు కట్టే తాడు వాడుతున్నాం. క్లిప్పులు పాత ప్లాస్టిక్ కుర్చీల నుంచి పెద్దమ్మ కోసి ఇస్తోంది. నాది ఒకటే షరతు. కట్టించుకున్నవాళ్ళు నా కళ్ళ ముందు మోటారు నడుస్తుండగా నీళ్ళలో దూకాలి. మోటారు ఆగితేనే తాడు కట్టినట్టు.

ఇవాళ లోవకుమారి వంతు. నేను ముందు భాగంలో కూర్చున్నాను. ఆమె దూకింది.

మోటారు ఆగలేదు.

పడవ ముందుకు పోతోంది. లోవ తల నీళ్ళ మీద, వెనక. చేతులు వేసి ఈదుతోంది. నవ్వుతోంది మొదట. తర్వాత నవ్వడం లేదు. తల చిన్నదవుతోంది. నేను లేవాలి, వెనక్కి పోయి క్లిప్పు లాగాలి. తెలుసు. లేవలేదు. అలా చూస్తూనే ఉన్నాను.

"పిన్నీ" అని అరిచింది.

అప్పుడు లేచాను. లాగాను. ఆగింది.

పడవ ముక్కుదాకా తిరగడానికి వీలుగా ఉంటుందని ఆమె రాత్రి తాడుకి ఇంకో ముక్క ముడివేసి పొడవు చేసుకుందట. మనిషి పడవ దాటి పడినా తాడు బిగియనంత పొడవు. ఆమె పైకి ఎక్కి వణుకుతూ కూర్చుంది. కత్తి తీసి ఆ ముడి దగ్గరే తాడు కోశాను. వల లాగే చోటుకి అందితే చాలు. ఒక్క అడుగు కూడా ఎక్కువ ఉండకూడదు.

"ఇంకా పొట్టి సెయ్యి పిన్నీ" అంది లోవ.

మళ్ళీ దూకింది. క్లిప్పు టక్కున ఊడింది, మోటారు ఆగింది. ఆగిన పడవ అంచు పట్టుకుని ఆమె నా వైపు చూసింది. నేను ఇంకో వైపు తిరిగాను.

రాసుకోవలసింది ఇంకోటి. పడినవాళ్ళతో పాటు క్లిప్పూ నీళ్ళలోకి పోతుంది. పడవలో మిగిలినవాళ్ళు మోటారు మళ్ళీ నడిపి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే రెండో క్లిప్పు కావాలి. ఇకనుంచి ప్రతి పడవలో రెండు.

శుద్ధ షష్ఠి

మండలి నుంచి లాంచీ వచ్చి రేవు బయట ఆగింది. ఇన్‌స్పెక్టరు చంద్రమౌళి గారు. లాంచీలోంచి చిన్న తెప్పలోకి దిగి నా మిద్దె మీదికి వచ్చి, చెప్పులు వదిలి, గోడ నీడలో కూర్చున్నారు. మంచినీళ్ళు ఇస్తే తాగారు. దురుసు మనిషి కాదు.

"మీ బాధ నాకు అర్థమవుతుందమ్మా" అన్నారు.

"అర్థం కానక్కర్లేదండి. తాడు చూడండి."

చూశారు. తిప్పి చూశారు, క్లిప్పు పెట్టి తీసి చూశారు. "బాగానే ఉంది" అన్నారు. "కానీ సీలు తెంచడం నేరం. పూస లేకపోతే ఏ పడవ ఎవరు నడుపుతున్నారో మాకు ఎలా తెలుస్తుంది? పడవ దొంగతనాలు జరుగుతాయి."

"దొంగ నీళ్ళలో పడినా మోటారు ఆగాలండి."

ఆయన నవ్వబోయి ఆగారు. "మీ అమ్మాయి పూస చేతికి పెట్టుకుని ఉంటే బతికేది కదమ్మా."

"మీరొకసారి వల లాగండి. నా పడవ ఇస్తాను. పూస మీ చేతికి కట్టుకోండి. చెయ్యి తుడుచుకోడానికి తువ్వాలు కూడా ఇస్తాను."

ఆయన లేచారు. పౌర్ణమినాడు రొయ్య కట్టు, అంటే రొయ్యల వేట మీద నిషేధం, విప్పుతారు, ఏడాదిలో మా అందరి తిండీ ఆ వేటలోనే. ఆ రోజు పొద్దున లాంచీ వచ్చి నిలబడుతుందట. తాడు ఉన్న మోటారు ఏదీ రేవు దాటకూడదు. తాళ్ళు తీసి ఇచ్చినవాళ్ళని ఏమీ అనరు. ఇవ్వకపోతే మోటార్లు పట్టుకుపోతారు.

"ఒక్క మోటారైతే నేను చూసీ చూడనట్టు ఉండేవాడిని. మీరు రేవంతా పాకించారు" అన్నారు.

"ఇంకా సగమేనండి" అన్నాను.

శుద్ధ దశమి

కొందరు తాళ్ళు తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. మాట్లాడలేదు. నేనూ అడగలేదు. రొయ్యల వేట పోతే ఏడాదంతా ఏం తింటారు? వాళ్ళది భయం కాదు, కడుపు.

పల్లాలమ్మ మాత్రం మాట్లాడటానికే వచ్చింది. లోవ తాడు చేతిలో పట్టుకుని వచ్చింది. పడవలోంచి పీకినట్టుంది.

"నీ కూతురు పోయింది, నిజమే. నేనూ ఏడిసేను. నీ ఇంట్లో వంట సేసి పెట్టేను, అవునా కాదా?"

"అవును వదినా."

"మరి ఇప్పుడు నా కోడలి మోటారు పోగొడతావేటి? మండలోళ్ళు పట్టుకుపోతే మళ్ళీ ఇత్తారా? నీకు పోడానికేటీ లేదు గాబట్టి ఏదైనా సేత్తావు. మాకున్నాయి."

తను అన్నది నిజం. అందుకే గుచ్చుకుంది.

"నీకున్నది నీ కోడలు. మోటారు కాదు" అన్నాను.

"నీతులు సెప్పకు."

"నీతి కాదు వదినా. మొన్న మీ లోవ నా కళ్ళ ముందు పడవ వెనక ఈదింది. నవ్వుతా ఈదింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. వేణిని నేను చూడలేదు. లోవని చూశాను."

పల్లాలమ్మ తాడు నా ముందు పడేసి పోయింది. తన బాతుకి వడ్లు కావాలని పక్క మిద్దె వాళ్ళని అడుగుతున్న మాట వినబడింది.

చీకటి పడకముందే లోవ వచ్చింది. కింద పడున్న తాడు తీసి, దులిపి, మడతపెట్టి, బొడ్డులో దోపుకుని వెళ్ళిపోయింది.

చతుర్దశి

రేపటి కోసం చేసిన పని. పంకా రెక్కల మీద నాచు గీకడం. ఇరుసుకి గ్రీజు. గేరుపెట్టె నూనె తీసి చూశాను, పాలలా తెల్లబడలేదు, నీళ్ళు దిగలేదు. మోటారును పడవకి కట్టే రెండో గొలుసు వేశాను, మరలు ఊడినా మోటారు మునిగిపోకుండా. క్లిప్పులు రెండు. గడ ఒకటి. తువ్వాలు ఒకటి, ఇన్‌స్పెక్టరు గారికి.

ఎంతమంది వస్తారో తెలియదు. నేను వెళ్తాను. తాడుతోనే వెళ్తాను. మోటారు తీసుకుంటే గడతో వెళ్తాను.

పౌర్ణమి

పోటు నిండుగా ఉంది. వీధుల్లో నీళ్ళు రెండో అంతస్తు కిటికీలు మూసేశాయి. అలాంటి పోటులోనే లాంచీ లోపలికి రాగలదు. దానికి లోతు కావాలి. రెండు లాడ్జీల మధ్య సందు దాటి లోపలికి వచ్చి, ఇవతల మునిగిన మిద్దెల మీద నిలబడింది. సముద్రంలోకి పోవడానికి మాకైనా లాంచీకైనా ఆ సందు ఒకటే దారి.

తాడు కట్టిన మా పడవలు లాంచీ పక్కగా ఆ సందులోకి చేరాయి; సీలు తెంచనివాళ్ళు, పల్లాలమ్మ తప్ప, ఏం జరుగుతుందో చూద్దామని మిద్దెల దగ్గరే ఆగారు. తాళ్ళు తిరిగి ఇచ్చినవాళ్ళలో కొందరి నడుముకి మళ్ళీ తాళ్ళు కనబడ్డాయి. ఎప్పుడు వచ్చి పట్టుకెళ్ళారో నేను చూడలేదు.

చంద్రమౌళి గారు మైకులో పిలిచారు. మొదటి పడవ నాదే.

"నూకరత్నమ్మా, ఆ తాడు తీసేయండి."

"తీయమంటారా?"

"తీసేయండి. అందరికీ అదే మాట. ముందు తాళ్ళు తీసేయండి."

కొక్కెం పట్టుకుని లాగాను. క్లిప్పు ఊడింది. మోటారు ఆగింది.

"తీశానండి" అన్నాను.

నా పక్కన లోవ లాగింది. "తీసేనండి." దాని పక్క పడవ. దాని పక్కది. "తీసేమండి, ఆయ్, తీసేమండి" అంటూ ఒక్కొక్క మోటారూ ఆగిపోతూ వచ్చింది. సందులో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆగిన పడవలు నీటికి అడ్డం తిరిగి ఒకదానికొకటి ఆనుకున్నాయి. అంచులు పట్టుకుని తాళ్ళతో కట్టేసుకున్నాం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడవలే.

"దారి ఇవ్వండి" అన్నారు ఆయన.

"ఎలాగండి. తాడు తీసేత్తే నడవదు" అంది లోవ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మైకు దించి, మళ్ళీ ఎత్తారు. వెనక నడుస్తున్న పడవ ఒకటే ఉంది. పల్లాలమ్మది. దాని మీద సీలు చెక్కు చెదరలేదు.

"ఆ పడవ ఒక్కటే నిబంధన ప్రకారం ఉంది. దానికి దారి వదలండి. ఆవిడ వేటకి వెళ్తారు."

అదే సమయానికి బుట్టలోంచి డ్రైవరు బాతు గట్టిగా అరిచింది. ఆ నవ్వు ఇక ఆగలేదు. సందు రెండు గోడలూ నవ్వాయి. లాంచీలో నౌకరు కూడా మొహం తిప్పుకున్నాడు.

పల్లాలమ్మ నవ్వలేదు. నన్ను చూసింది, లోవను చూసింది. దారి వదిలితే ఏడాది తిండి ఆమె ఒక్కతే తెచ్చుకోగలదు. బుట్ట ఎత్తింది. బాతును రెండు చేతులా తీసి, పూస రెక్క కింద ఉండగానే నీళ్ళలో వదిలేసింది. అది తోక ఆడించి, లాంచీ వైపు ఈదుకుంటూ పోయింది. అది దూరమవగానే పల్లాలమ్మ మోటారు దగ్గి చచ్చిపోయింది.

"మీ డ్రైవర్ని మీరే పట్టుకోండి బాబూ" అంది.

తర్వాత ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే పాటు మొదలైంది. నీళ్ళు సముద్రం వైపు లాగడం కట్టుతాళ్ళలో తెలిసింది. బిగుసుకుని మూలుగుతున్నాయి. సందు అవతల చువ్వలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పడవలు అడ్డం తిరిగినప్పుడు లోవ పడవ అన్నిటికన్నా చివరికి జరిగింది. గోడ పక్కన చువ్వల వరసకి దగ్గర.

నేను మోటారు నడిపి దాన్ని వెనక్కి లాగగలను. క్లిప్పు చేతిలోనే ఉంది. తాడు మాట వదిలేసి, ఆయన అడిగినట్టు సర్దుకుపోతే అందరం ఇప్పుడే కదలవచ్చు. లోవ వైపు చూశాను. నా మొహంలో ఏం కనబడిందో.

"నువ్వు లాగకు పిన్నీ" అంది. గడ తీసి గోడకి పోటు పెట్టి, పడవను చువ్వల నుంచి ఆపుతోంది. పాటు లాగి పక్కకి చేర్చిన పడవలోంచి పల్లాలమ్మ తన గడ కూడా కోడలి గడ పక్కన పెట్టి ఒరిగింది.

"ఆనిచ్చి తొయ్యవే. నడుం వాల్చకు" అంటోంది.

లాంచీ నౌకరు పక్కకి వంగి నీళ్ళలో గొలుసు వేసి లోతు చూశాడు. "సార్, మన కింద మిద్దె తగలడానికి జానెడుంది. ఇప్పుడు కదలకపోతే మళ్ళీ పెద్ద పోటు దాకా ఇక్కడే."

చంద్రమౌళి గారు మైకు పక్కన పెట్టేసి, ఉత్త గొంతుతోనే అన్నారు. "వెళ్ళండమ్మా."

"ఎలా వెళ్ళమంటారు? అందరికీ వినబడేలా చెప్పండి" అన్నాను.

ఆయన మళ్ళీ మైకు అందుకున్నారు. "తాడుతోనే వెళ్ళండి."

ఈ రొయ్యల వేట వరకే అని కూడా అన్నారు. తర్వాత మళ్ళీ వస్తారట. రానీ. అప్పటికి మిగతా సగం మోటార్లకీ బొత్తాలు బిగించి ఉంటాను. ఇప్పుడు పల్లాలమ్మకి లోవ పడవలో చోటు దొరికింది. ఆమె మోటారుతోనే మొదలుపెడతాను.

కట్లు విప్పాం. కొక్కేలు నడుముకి తగిలించుకున్నాం. క్లిప్పులు పెట్టాం. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకున్నాం. లాగే ముందు చివరిగా చూడాల్సింది ఒకటి ఉంది. పంకా దగ్గర నీళ్ళలో ఎవరైనా మనిషి ఉన్నారేమో చూసుకోవాలి. తొందరలో అందరూ మరిచేది అదే. నేను చెయ్యి ఎత్తాను. వరస మొత్తం వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూసింది.

"ఎవరూ లేరు" అని ఒక్కొక్కరూ చెప్పారు.

నేను ఇంకాసేపు చూశాను. వాళ్ళు తొందర పెట్టలేదు.

ఎవరూ లేరు. లాగాను.